పుల్ల దిగేదాకా

మస్కట్ నుంచి వచ్చేసిన మూడో రోజు పొద్దున, ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉండగా నా ఫోన్ మోగింది. చూస్తే సుమన పేరు. సుమన నా భార్య. ఆ సమయానికి ఆమె పెరట్లో, నాకు నలభై అడుగుల దూరంలో, పసుపు ఆరబోసే చోటు ఊడుస్తోంది. ఎత్తాను.

"ఏం కూర చెయ్యమంటవ్?" అంది.

పదిహేడేళ్లుగా ఆమె నాతో మాట్లాడింది ఎక్కువగా ఫోన్లోనే. గల్ఫ్‌కు వినబడాలంటే గట్టిగా మాట్లాడాలని మొదటి ఏడాది ఎవరో చెప్పారట. ఆ అలవాటు ఇంకా పోలేదు. అందుకని ఆమె మాట నాకు రెండుసార్లు వినిపించింది. ముందు కిటికీలోంచి, రెప్పపాటు ఆలస్యంగా ఫోన్లోంచి. ఏదైనా సరేనని నేనూ ఫోన్లోనే చెప్పాను. లేచి పెరట్లోకి వెళ్లి చెప్పవచ్చు కదా అన్న ఆలోచన, పెట్టేసిన తర్వాత గాని రాలేదు.

అది రెండేళ్ల కిందటి జనవరి. మా కమ్మర్‌పల్లి చుట్టుపక్కల పసుపు ఆకు కోసేసి తవ్వకాలు మొదలుపెట్టే రోజులు. ఎదురుగా ఉన్నప్పుడు సుమన నాకు రెండు మాటల్లో జవాబు చెప్పేది. చెప్పేటప్పుడు నన్ను కాదు, ద్వారబంధాన్ని చూసేది. మంచం మీద ఆమె నాకు వదిలే చోటు పదిహేడేళ్ల కిందటి నా ఒంటికి సరిపోయేంత ఉండేది. నేను గోడవైపు తిరిగి ఆ చోటులోనే సర్దుకునేవాణ్ణి. నిద్రపట్టకపోతే మస్కట్ హోటల్‌లో చేపలూ మాంసం దాచే చల్లగది గుర్తొచ్చేది. బయటి ఎండకూ మనుషుల మాటలకూ అందకుండా, దాని తలుపు మూసుకోగానే చుట్టుకునే నిశ్శబ్దం. అక్కడున్నన్నాళ్లూ ఈ పెరటి కోసం బెంగపడ్డాను. ఇక్కడికొచ్చాక ఆ గది కోసం బెంగపడసాగాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

నేను ఉండిపోవాలా, మళ్లీ పోవాలా అన్నది ఆ పసుపు కాలంలోనే తేలాలి. ఆర్మూర్‌లో ఒక ఏజెంటు కువైట్‌లో హోటల్ పని ఉందన్నాడు. ఫిబ్రవరి దాటకుండా పాస్‌పోర్టు తన చేతికి రావాలి. ఇటువైపు కిషోర్‌బాబు ఉన్నాడు. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి బోధన్‌లో కాలువ కింద చెరకు వేశాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు పోయి ఆ పొలాల్లో వరి వచ్చింది. మనవడు ఇప్పుడు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ గుడి దగ్గర చేపల హోటల్ పెడుతున్నాడు. ఒకసారి చుట్టపుచూపుగా మస్కట్ వచ్చి మా హోటల్లో ఆక్టోపస్ తిన్నాడు. వండినవాడిది కమ్మర్‌పల్లి అని తెలిసి వంటింట్లోకి వచ్చి మరీ నా నంబరు తీసుకున్నాడు. అదే రుచి, అదే మెత్తదనం ఇక్కడ తెప్పించగలిగితే వంటగది నాకే అప్పగిస్తానన్నాడు. ఫిబ్రవరి ఆఖరి శనివారం తినడానికి కూర్చుంటానన్నాడు.

తొమ్మిదేళ్లు నేను చేసిన పని ఆక్టోపస్ వండటమే. రోజుకు ముప్ఫై, పండగలొస్తే యాభై. అందుకని భయమనేది తోచలేదు.

హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్లో థర్మకోల్ పెట్టె వచ్చింది. మంచులో గడ్డకట్టిన ఆక్టోపస్‌లు నాలుగు. పెట్టె తెరిస్తే పక్కింటి సత్తవ్వ కూడా వచ్చి కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. ఒకదాన్ని నీళ్లలో వేశాక, కరిగి చేతులు విప్పుకోవడాన్ని చాలాసేపు చూసింది.

"ఇది పసుపు గడ్డ లెక్కనే ఉన్నది గదరా లింబాద్రీ. నడిమిట్ల తల్లిదుంప, సుట్టూత కొమ్ములు. దీన్ని తవ్వుతరా, పడ్తరా?"

"పడ్తరవ్వా."

"అయితే పైసలు సముద్రంల గూడ పండుతయన్నట్టు," అంది.

సుమన నవ్వింది. నేను వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు సత్తవ్వ మాటకు వచ్చింది గాని నాకోసం వచ్చింది కాదు. అయినా దాన్ని కొంచెంసేపు దాచుకున్నాను.

మొదటిదాన్ని అందరూ మాంసానికి చేసినట్టే ఉప్పూ పసుపూ పట్టించి, పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి అందులో వేశాను. గంట తర్వాత ముక్క కోస్తే కత్తి జారింది. నోట్లో పెట్టుకుంటే చెప్పు అంచు నమిలినట్టుంది. పైగా ఉప్పుకషాయం. సత్తవ్వ ఒక ముక్కను బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చేతిలోకి తీసేసింది. తనకు పళ్లు లేవు కాబట్టి బతికిపోయిందట.

అప్పుడు నా చేతుల వంక చూసుకున్నాను. మస్కట్‌లో నేను చేసిందేమిటి? కడిగి, పళ్లెంలో పెట్టి, ఆవిరి మిషన్‌లోకి తోసి, తొంభై డిగ్రీలు, గంటన్నర అని నొక్కేవాణ్ణి. గంట కొట్టేది. తీసేవాణ్ణి. ఆ మిషన్‌లో ఏం జరుగుతుందో తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లోపల నడిచే వేడి మిషన్‌ది, నాది ఆ గంట వినడం ఒక్కటే. నేను విద్య అనుకుని ఇంటికి తెచ్చింది, బొటనవేలుతో ఒక మీట నొక్కడం.

రెండోదాన్ని కుక్కర్‌లో పెట్టాను. ఏడు కూతలు. మూత తీస్తే తోలంతా ఊడిపోయి, చేతులు తెగిపోయి, అడుగున గులాబీరంగు ముద్ద మిగిలింది. మూడోదానికి ఉప్పు మానేసి, సన్నటి మంట మీద పెట్టి, గడియారం ఎదురుగా కూర్చుని సరిగ్గా గంటన్నరకు దించాను. కొసలు మెత్తబడ్డాయి, మొదళ్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ఎక్కడ తప్పు జరిగిందో తెలియలేదు. సుమన ప్రతిసారీ గిన్నె తోమి బోర్లించేది. నాలుగోది ఫ్రిజ్ పైఅరలో మంచులోనే ఉండిపోయింది.

మర్నాడు పెట్టెలోంచి పాస్‌పోర్టు తీసి జేబులో వేసుకుని, షేర్ ఆటోలో ఆర్మూర్ పోయి ఏజెంటుకు ఇచ్చి వచ్చాను. సుమనకు చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. నా రెండో సెలవు ముగిసిన రోజు, ఆర్మూర్ బస్టాండులో, ఏడేళ్ల మా కూతురు జ్యోతి చేయి పట్టుకుని ఆమె ఒక మాటంది. ఈసారి పోవద్దంది. ఇంకొక్క రెండేళ్లే అన్నాను. బస్సెక్కాను. ఆ తర్వాత పది పన్నెండేళ్లలో ఆమె ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఫోన్లో అన్నీ అడిగేది. ఎరువు ఏది వేయాలి, జ్యోతిని ఇప్పుడు తను ఉంటున్న నిజామాబాద్ హాస్టల్లో చేర్చాలా, ఇంటికి ఏ రంగు కొట్టించాలి. ఆ ఒక్కటీ అడగలేదు. అడిగితే ఏం చెబుతానో నాకూ తెలియదు కాబట్టి అడగకపోవడమే నయమనుకుంటూ వచ్చాను.

ఆటోలో తిరిగి వస్తుంటే ఛాతీ మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ తేలికదనమే నన్ను భయపెట్టింది. దూరంగా ఉన్నవాళ్ల కోసం బెంగపడటం నాకు బాగా వచ్చిన పని. దగ్గరున్నవాళ్లతో ఏం చేయాలో నేర్చుకోలేదు.

వారం తర్వాత పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చాయి. ఇప్పుడు చాలామంది ట్రాక్టరు వెనక బాయిలర్ తెప్పించుకుంటున్నారు. మాది అరెకరమే కనుక సుమన ఇంకా పెద్ద కడాయిలోనే ఉడకబెడుతుంది. బాయిలర్ తెచ్చుకున్నవాళ్లు కూడా దించేముందు ఒకసారి వచ్చి చూడమని ఆమెకు ఫోన్ చేస్తారు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. దగ్గరుండి చూస్తే తెలిసింది.

కిషోర్‌బాబు చెప్పిన ఆ శనివారం పొద్దున్నే కడాయి కింద మంట వేసింది. కొమ్ముల మీద తడి గోనె కప్పింది. నురగ పొంగి, తెల్లటి ఆవిరి లేచి, పెరడంతా పచ్చి మట్టి వాసన పోయి పసుపు వాసన వచ్చేదాకా పక్కనే తిరిగింది. తర్వాత చీపురులోంచి ఒక పుల్ల తీసి ఒక కొమ్ముకు గుచ్చింది. తల అడ్డంగా ఊపింది. కాసేపటికి ఇంకొకదానికి గుచ్చింది. నేను ఎంతసేపైందో చూద్దామని ఫోన్ తీశాను.

"దాంట్ల ఏం సూస్తవ్? పుల్ల దిగాలె," అంది.

పుల్ల దిగింది. కూలీలిద్దరితో కడాయి దింపించి, పసుపు వంపించాక నా వైపు తిరిగింది.

"ఆ ఒక్కటి తీస్కరా."

వద్దన్నాను. ఉన్నది ఒక్కటే, అదీ పాడవుతుందన్నాను.

"నీ మిషిని ఇక్కడ లేదు గద. నన్ను సూడనీ."

ఫ్రిజ్ తెరిస్తే అది పైఅరలో లేదు. కింది అరలో గిన్నెలో మెత్తగా కరిగి ఉంది. రాత్రే దింపి పెట్టినట్టుంది. అంటే పొద్దున పొయ్యి వెలిగించక ముందే ఆమె ఇది అనుకుంది.

మట్టికుండలో దాన్ని పెట్టింది. చెంబుతో నీళ్లు తెస్తుంటే ఆపింది. సముద్రంలో పుట్టినదానికి మన నీళ్లెందుకు, దాని నీళ్లు దాని ఒంట్లోనే ఉంటాయంది. ఉప్పూ అంతేనంది. మూత వెల్లకిలా పెట్టి, ఆ గుంటలో మాత్రం చెంబెడు నీళ్లు పోసింది. పసుపు దింపిన పొయ్యిలో మంట లేదు, ఎర్రటి నిప్పులున్నాయి. వాటిని కట్టెతో అంచుకు లాగి కుండను వాటి పక్కన ఆనించింది. నిప్పుల మీద కూడా కాదు, పక్కన.

కూర్చున్నాం. కూలీలు అన్నానికి పోయారు. నేను ఊరికొచ్చాక మేమిద్దరం ఒకచోట అంతసేపు కూర్చోవడం అదే మొదలు. కొంతసేపటికి ఆమె గుడ్డతో మూత ఎత్తి చూపించింది. అంత పెద్దది పిడికిలంత ముడుచుకుంది, కుండకు సగం దాకా ఎర్రటి నీళ్లు ఊరి ఉన్నాయి. ఒక్క బుడగ కూడా లేదు, పైన సన్నగా వణుకు మాత్రం ఉంది.

"అక్కడ దీన్ని వండుకుంట ఏం యాది జేసుకునేటోనివి?" అని అడిగింది. నిప్పుల వైపు చూస్తూ అడిగింది.

"ఈ వాసన," అన్నాను.

"మరిప్పుడు ఈడ కూసోని?"

నేను నిప్పుల మీది బూడిదను కట్టెతో కదిపాను. మూతలో నీళ్లు ఇగిరిపోతే మళ్లీ పోసింది.

"సరే తియ్, చెప్పకు," అంది. ఆ మాటలో నిష్ఠూరం వెతికాను. కనబడలేదు. పసుపుకు ఇంకా టైముందని చెప్పేటప్పుడు ఉండే గొంతే అది.

గంట దాటాక పుల్ల తీసుకున్నాను. దాని చేయి చివర గుచ్చాను, సులువుగా దిగింది. అయిందన్నాను.

"కొసకు గుచ్చితె ఎప్పుడైనా దిగుతది. తల్లిదుంపకు కొమ్ము అతికే కాడ గుచ్చాలె. దళసరి ఆడ ఉంటది."

నా మూడో ప్రయత్నం ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. చేయి మొదలు దగ్గర గుచ్చితే పుల్ల సగంలో ఆగింది. బలంగా నొక్కబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. పసుపుతో గరుకెక్కిన చేయి. పట్టుకుని అలాగే ఉంచింది.

"ఒత్తకు. ఒత్తితె గడ్డ సంగతి తెల్వది, నీ బలం తెలుస్తది. ఆగు."

మూత పెట్టింది. ఇంకో అరగంట. ఈసారి పుల్ల నా వేళ్ల మధ్య ఉంది, నా చేయి ఆమె చేతిలో ఉంది. పుల్ల బరువుకే అది లోపలికి దిగిపోయింది. అడ్డం తగల్లేదు. ఆమె వేళ్లు వెంటనే వదల్లేదు. మేమిద్దరం పుల్లనే చూస్తున్నాం.

తీయబోతుంటే ఈసారి నేను ఆపాను. మస్కట్ వంటగదిలో నేను నేర్చుకున్నది ఒకటి మిగిలింది. దించగానే బయటికి తీస్తే అది మళ్లీ బిగుసుకుంటుంది, దాని నీళ్లలోనే చల్లారాలి. ఈ మాట చెబితే ఆమె తలూపింది. చల్లారడానికి ఎంతసేపని అడిగింది. రెండు గంటలన్నాను.

"కంఠేశ్వర్‌కు గూడ రెండు గంటలే. పో మరి."

ఒక కొస కోసి ఆమెకిచ్చాను. నమిలింది. ఏదో అనబోయి మళ్లీ నమిలింది. ఉడికిన చిలగడదుంప లాగా ఉందంది. తర్వాత కొంచెం ఆగి, సముద్రం ఈ వాసనే వస్తుందా అని అడిగింది. కొంచెం అన్నాను.

కుండను తువ్వాలులో కట్టి ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆర్మూర్‌లో బస్సు మారాను. కుండ వేడి తొడలకు తగులుతూ, మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఇందాక ఆమె పట్టుకున్న నా మణికట్టు గురించే ఆలోచించాను. పదిహేడేళ్లలో ఆ చేయిని తలచుకుని ఎన్నో ఊహించుకున్నాను. ఆ ఊహల్లో ఏ చేయీ అంత గరుకుగా లేదు.

హోటల్లో కుర్చీల మీద ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. చల్లారిన ఆక్టోపస్‌ను ఏటవాలుగా కోసి, కాలిన పెనం మీద నూనె వేసి రెండు వైపులా మాడీ మాడనట్టు చేసి, నిమ్మకాయ పిండి పెట్టాను. కిషోర్‌బాబు సగం పళ్లెం తిన్నాడు.

"ఇదేనండీ లింబాద్రి గారూ. అక్కడికంటే బావుంది. అక్కడ ఈ పొగ వాసన లేదు," అన్నాడు. ఆవిరి మిషన్ తెప్పించమంటారా అని అడిగాడు.

"వండింది నేను కాదు సార్. నా భార్య."

"మరి మీరేం చేశారు?"

"మోసుకొచ్చిన."

నవ్వాడు. అయితే ఇద్దరూ రండి, మేడ మీద గది ఉంది, సోమవారం నుంచి మొదలుపెడదామన్నాడు. రేపు చెబుతానన్నాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడింది. నాకూ ఆశ్చర్యంగానే ఉంది. కావలసింది చేతికొచ్చాక చేయి ఎందుకు ముడుచుకుంటుందో చెప్పడం కష్టం.

తిరిగి వస్తూ ఆర్మూర్‌లో దిగి ఏజెంటు ఆఫీసు ఎదురుగా నిలబడ్డాను. షటరు సగం ఎత్తి ఉంది, లోపల లైటు వెలుగుతోంది. పోయి పాస్‌పోర్టు అడగవచ్చు. అడగకుండా ఉండిపోతే, కువైట్‌లో మళ్లీ ఒక చల్లగది, అక్కడి నుంచి ఈ పెరటి మీద బెంగ, రెండూ నాకు తెలిసినవే. కమ్మర్‌పల్లికి రెండు ఆటోలు నిండి వెళ్లిపోయాయి. మూడోదాంట్లో ఎక్కాను. ఆఫీసులోకి పోలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఖాళీ కుండ గడప లోపల పెట్టి కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి సుమన వీపు కనబడుతోంది. ఉడికిన పసుపును టార్పాలిన్ పరదా మీద చేత్తో పల్చగా నెరుపుతోంది. గేటు చప్పుడు విన్నట్టుంది, చేయి ఆగింది. కాని తిరగలేదు. కొంగుకు చేయి తుడుచుకుని ఫోన్ తీసింది.

నా జేబులో మోగింది.

"తిన్నడా?"

"తిన్నడు. మనిద్దర్ని రమ్మన్నడు. సోమారం సంది."

పెరట్లో కోడి అరిస్తే, అదీ రెండుసార్లు వినబడింది.

"పెట్టెల పాస్‌పోర్టు లేదు," అంది.

"ఎన్నడు సూశినవ్?"

"నువ్వు ఆర్మూర్ పోయొచ్చిన నాడే."

ఆ రోజు నుంచీ ఆమెకు తెలుసు. తెలిసే నిన్న రాత్రి నాలుగోదాన్ని కింది అరలోకి దింపింది. తెలిసే నా చేయి పట్టుకుని, ఒత్తకు, ఆగు అంది. నేను ఏదో చెప్పబోయాను. ఆమె ముందే అందుకుంది.

"ఒక్కపారి అడిగిన నిన్ను. బస్టాండుల. మళ్ల అడుగొద్దనుకున్న." ఊపిరి తీసుకోవడం వినిపించింది. "ఉంటవా?"

ఆ మాట ముందు కిటికీలోంచి వచ్చింది. పొగకు బొంగురుపోయి, చివర కొంచెం పగిలి ఉంది. రెప్పపాటు తర్వాత ఫోన్లోంచి వచ్చింది. అది నాకు పదిహేడేళ్లుగా తెలిసిన గొంతు, పల్చగా, నున్నగా. నేను బెంగపడుతూ వచ్చింది దానికోసమే. మొదటి గొంతుకు జవాబు ఇచ్చే అలవాటు నాకు లేదు.

ఫోన్ కుర్చీలో పెట్టి లేచాను. పెరటి గడప దాటాను. ఆమె ఇంకా అటు తిరిగే, ఫోన్ చెవికి ఆనించుకునే, నా జవాబు కోసం వింటోంది. పరచిన పసుపు అంచు దాకా నడిచి ఆగాను.

"ఉంట," అన్నాను. గట్టిగా అనవలసిన అవసరం కలగలేదు.

ఆమె వెంటనే తిరగలేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఆ మాట అందులోంచి కూడా వస్తుందేమోనని కొంచెంసేపు చూసింది.